మాత్ర పనిచేయడం లేదని రిపోర్టు వస్తే ఏం చేయాలి

నాది తెనాలి. బోసు రోడ్డు దగ్గర సందులో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. 2011లో నాకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా ఉందని తేలింది. సీఎంఎల్ అంటారు, రక్తంలో వచ్చే క్యాన్సర్. అప్పటినుంచి రోజూ మాత్ర వేసుకుంటున్నాను, మిషనూ తొక్కుతున్నాను. ఇన్నేళ్లలో రెండుసార్లు "మందు పనిచేస్తున్నట్టు లేదమ్మా" అన్న మాట విన్నాను. మొదటిసారి మందు తప్పేమీ లేదు. రెండోసారి మాత్రం కణాలు నిజంగానే మందుకు లొంగడం మానేశాయి. పైకి చూస్తే రెండూ ఒకటే, రిపోర్టులో అంకె పెరిగింది. కారణాలు వేరు, చేయాల్సిన పనులు వేరు. ఆ తేడా తేల్చుకోకుండా మందు మార్చేస్తే, ఇంకా పనిచేసే మందును చేజేతులా వదులుకున్నట్టవుతుంది. మనకున్న మందులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఒక్కటి కూడా వృథాగా పోకూడదు.

ముందే ఒక మాట. డాక్టరు గారు చెప్పకుండా ఒక్క మాత్ర పెంచకండి, తగ్గించకండి, ఆపకండి. వారి దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో, ఇంట్లో ఏం సరిచూసుకోవాలో చెప్పడం వరకే నా పని.

గుండీ, కాజా

ఈ జబ్బులో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి ఒకటి వెళ్లి అతుక్కుంటాయి. అలా పొట్టిగా మిగిలిన 22వ దాన్ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, అందుకే దానికి ఆ ఊరి పేరు. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రొటీన్ పుడుతుంది. తెల్లకణాలను పెరగమని పోరుతూనే ఉంటుంది, ఆపమనేవాళ్లు ఉండరు. మనం వేసుకునే ఇమాటినిబ్ ఆ ప్రొటీన్‌లో ఒక సందులో దూరి దాని నోరు మూయిస్తుంది. 2001లో ఈ మందు వచ్చాక సీఎంఎల్ కథే మారిపోయింది. మా ఓపీలో అందరూ దీన్ని కీమో మాత్ర అనే అంటారు. సెలైన్‌లో ఎక్కించే కీమో వేగంగా పెరిగే కణాన్నల్లా కొడుతుంది, ఇది ముఖ్యంగా ఆ ప్రొటీన్ మీద గురిపెడుతుంది.

నాకు ఇది గుండీ, కాజా లెక్కన అర్థమైంది. మందు గుండీ, ప్రొటీన్‌లో సందు కాజా. గుండీ పట్టినంతకాలం జబ్బు అదుపులో ఉంటుంది. పట్టడం లేదంటే మూడు కారణాలు చూడాలి. గుండీ అసలు కాజా దాకా చేరకపోవచ్చు, అంటే మాత్ర మానేశాం, లేదా కడుపులోనే పోయింది. కాజాలు లెక్కకు మించి పుట్టుకొచ్చి గుండీలు చాలకపోవచ్చు. లేదా కాజా ఆకారమే మారిపోయి ఉండొచ్చు. దీన్నే మ్యుటేషన్ అంటారు. కణం తన లోపలికి వచ్చిన మందును పంపులా బయటికి తోడేయడం కూడా ఉంది కానీ, దానికోసం మామూలుగా మనకు పరీక్ష చేయరు.

మందుకు లొంగని కణాలు ఈనాటివి కావు. మా అబ్బాయి చదివి చెప్పాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా పిల్లలకిచ్చారు. మందుతో ల్యుకేమియా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. కానీ కొన్ని నెలలకే తిరగబెట్టింది. ఎందుకు తిరగబెట్టిందో అప్పుడు చూసే పరికరం లేదు. మనకు ఉంది. పది మిల్లీలీటర్ల రక్తంతో తెలుస్తుంది. అందుకే పరీక్ష ఎగ్గొట్టొద్దని కనపడ్డ ప్రతి పేషెంటుకూ చెబుతాను.

ముందు ఒక పుస్తకం పెట్టండి

కొలతల పుస్తకం లేని టైలరు ఉండదు. నా జబ్బుకూ ఒకటి పెట్టాను, నూరు పేజీల రూళ్ల పుస్తకం. తేదీ, ఏ ల్యాబు, బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతం (రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే అంకె ఇదే), ఆ నెల ఎన్ని మాత్రలు తప్పాయి, కొత్తగా ఏ మందు వాడాను, ఈ ఐదే రాస్తాను. మీరూ రాయండి. డాక్టరు గారి ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఫైలులోని ముప్పై కాగితాలు ఎవరూ తిరగేయలేరు. ఒక్క పేజీ అయితే చూస్తారు.

రిపోర్టులో శాతం పక్కన "ఇంటర్నేషనల్ స్కేల్" అనో, ఐఎస్ అనో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు అంకెతో పోల్చడానికి లేదు. ఉన్నా సరే, వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. జాకెట్టు కుట్టేటప్పుడు ఒకటే ఆది జాకెట్టు పెట్టుకుంటాం కదా, ప్రతిసారీ ఇంకోటి పెడితే ఏది బిగుతో ఏది వదులో ఎలా తెలుస్తుంది? మా ఊళ్లో రక్తం తీసి హైదరాబాదు పంపే కలెక్షన్ సెంటర్లున్నాయి. పంపేది ఎప్పుడో అడిగి, అదే రోజు బయల్దేరేటట్టయితేనే రక్తం ఇవ్వండి. ఈ పరీక్ష ఆర్ఎన్ఏ మీద చేస్తారు, అది దారిలో నిలవ ఉంటే చెడిపోతుంది. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ సోమవారం దాకా అక్కడే ఉండిపోతే ఆ అంకెను నమ్మలేం.

అంకె ఎంతుండాలి? యూరోపియన్ ల్యుకేమియా నెట్ అనే నిపుణుల బృందం 2020 సిఫార్సుల ప్రకారం మందు మొదలుపెట్టిన మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. ఆరు నెలలకు 10 దాటి ఉన్నా, ఏడాదికి 1 దాటి ఉన్నా మందు విఫలమైనట్టే. ఆ తర్వాత ఎప్పుడైనా మళ్లీ 1 దాటినా అంతే. మధ్యలో ఉంటే హెచ్చరిక, దగ్గరగా కనిపెట్టి చూడాలి. 0.03 కాస్తా 0.06 అయిందని రాత్రిళ్లు నిద్ర మానుకోకండి. ఈ పరీక్షలో రెండు మూడు రెట్లు తేడా ఊరికే వస్తుంది. మళ్లీ చేయిస్తే తెలిసిపోతుంది. రెండోసారీ పైకే వెళ్తే, అప్పుడు కింద చెప్పినవన్నీ వరసగా చూడండి.

ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టండి

నా పుస్తకంలో మొదటి పేజీ చక్కగానే ఉంది. మూడు నెలలకు 7.9, ఆరు నెలలకు 0.8, ఏడాదికి 0.09. అలా రెండేళ్లు గడిచాక 2014 అక్టోబరులో 0.7 వచ్చింది.

ఆ శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. ఇమాటినిబ్ వేసుకుంటే నాకు కళ్ల కింద నీరు చేరి, పొద్దున్నే రెప్పలు ఉబ్బిపోయేవి. పెళ్లి ఫొటోల్లో అలా పడతానని పది రోజుల ముందునుంచే మాత్ర మానేశాను. పెళ్లయ్యాక సీజను పని మీద పడింది. రాత్రి రెండింటిదాకా లైనింగ్ జాకెట్లు కుట్టి, అన్నం తినకుండా పడుకున్న రోజుల్లో ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి అవుతుందని అప్పుడూ మానేశాను. ఇవేవీ డాక్టరు గారికి చెప్పలేదు. ఆయన "రోజూ వేసుకుంటున్నావా?" అంటే "వేసుకుంటున్నానండీ" అన్నాను. భయంతో, సిగ్గుతో అన్న మాట అది. మందు 400 నుంచి 600 మిల్లీగ్రాములకు పెంచుదామా అని ఆయన ఆలోచిస్తుండగా, పక్కనున్న సిస్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి మెల్లగా అడిగింది. "ఇంట్లో ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయి అక్కా?" లెక్కప్రకారం అయిపోయి ఉండాలి. నా బీరువాలో మూడు నిండు స్ట్రిప్పులున్నాయి. అక్కడే ఏడ్చేశాను. ఆమె నన్ను తిట్టలేదు. లోపలికి తీసుకెళ్లి నా నోటితోనే ఆయనకు చెప్పించింది. డోసు పెంచలేదు. రోజూ సరిగా వేసుకోవడం మొదలుపెట్టాను. జనవరికి 0.2, ఏప్రిల్‌కు 0.08. అదే మందు, అదే 400.

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి డాక్టర్లు 2010లో ఒక అధ్యయనం అచ్చువేశారు. 87 మంది సీఎంఎల్ పేషెంట్లకు మూతలో చిప్ పెట్టిన సీసాల్లో ఇమాటినిబ్ ఇచ్చారు. మూత తీసినప్పుడల్లా అది గుర్తుపెట్టుకుంటుంది. నూటికి తొంభై పాళ్లకు మించి వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు 0.1 శాతం లోపుకు దిగే అవకాశం 94.5 శాతం. అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో 28.4 శాతం. నెలకు ముప్పై మాత్రలనుకుంటే తొంభై పాళ్లంటే ఎంత? తప్పినవి మూడే. నేను నాలుగైదు తప్పితే ఏమవుతుందిలే అనుకునేదాన్ని.

కాబట్టి అంకె పెరిగితే మొదట చేయాల్సింది ఇంట్లోవాళ్లందరి ముందూ మాత్రలు లెక్కపెట్టడం. కొన్న బిల్లు, మిగిలిన మాత్రలు, రోజులు, మూడూ కలవాలి. కలవకపోతే అది డాక్టరు గారికి చెప్పేయండి. ఎందుకు తప్పాయో కూడా చెప్పండి. వాంతులా, పిక్కలు పట్టేయడమా, నెలాఖరున డబ్బు లేకపోవడమా? వీటిలో ప్రతిదానికీ ఏదో ఒక దారి ఉంటుంది. ఇమాటినిబ్‌ను పూర్తి భోజనం మధ్యలో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే వాంతి చాలావరకు తగ్గుతుంది. డబ్బు మాటకొస్తే, ఈ మందు మీద స్విస్ కంపెనీ నోవార్టిస్ అడిగిన పేటెంటును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టేసింది. మన దేశంలో జెనరిక్ మాత్రలు బోలెడు దొరుకుతున్నాయి. హైదరాబాదు కంపెనీలు చేసేవీ ఉన్నాయి. ఖరీదైన బ్రాండు కొనలేక నెల మధ్యలో మానేసేకంటే, జెనరిక్ రాయమని నోరు తెరిచి అడగండి.

మాత్ర మింగుతున్నా మందు చేరకపోవచ్చు

ఇది మనవాళ్లకు తెలియదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజపిన్, ఇవి కాలేయాన్ని ఉసిగొల్పి ఇమాటినిబ్‌ను త్వరగా కరిగించేస్తాయి. మాత్ర రోజూ వేసుకుంటున్నా రక్తంలో అది చాలినంత ఉండదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు ఇందుకు తిరగేసి మందును పోగుచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ అనే పండూ అంతే. మన పంపరపనస దాని చుట్టమే కాబట్టి నేను అదీ మానేశాను. ఎవరో ఇచ్చిన లేహ్యం, నాటుమందు పొట్లం కూడా లెక్కలోకే వస్తాయి. దాచకుండా, ఆ పొట్లాన్నే తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించండి.

ఈ విషయంలో నాకు దెబ్బ తగిలింది ఇమాటినిబ్‌తో కాదు, తర్వాత వేసుకున్న దసాటినిబ్ అనే ఇంకో సీఎంఎల్ మాత్రతో. దసాటినిబ్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. 2018లో నా అంకె 0.3 దగ్గర ఆగిపోయింది. ఫిబ్రవరిలోనూ 0.3, మేలోనూ 0.3. ఒక్క మాత్రా తప్పలేదు, పుస్తకంలో రాసి ఉంది. ఈసారి డాక్టరు గారు ఐదో వరస చూసి అడిగారు, "ఈ పాంటాప్రజోల్ ఎవరిచ్చారు?" గుండెలో మంటగా ఉందంటే మా వీధి మెడికల్ షాపులో ఇచ్చారు. రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నాను. గ్యాస్ మాత్ర కూడా ఒక మందేనని నాకు తోచనే లేదు. అది ఆపించారు. మంట మరీ ఎక్కువైతే యాంటాసిడ్ సిరప్ తాగమన్నారు, అదీ దసాటినిబ్‌కు రెండు గంటలు ముందో, రెండు గంటలు తర్వాతో. ఆగస్టుకు 0.09కు దిగింది. ఐదో వరస రాయకపోయి ఉంటే ఆ మందు కూడా పనిచేయలేదనే అనుకునేవాళ్లం.

మీది నిలోటినిబ్ అనే మరో సీఎంఎల్ మాత్ర అయితే పద్ధతి వేరే. అది ఖాళీ కడుపుతో వేసుకోవాలి. వేసుకునే రెండు గంటల ముందునుంచి, వేసుకున్న గంట తర్వాత దాకా ఏమీ తినకూడదు. పక్క పేషెంటును చూసి మన వేళలు మార్చుకోకూడదు.

కాజా మారిందా? మ్యుటేషన్ పరీక్ష

ఇవన్నీ సరిగానే ఉన్నా అంకె ఎక్కుతుంటే మాత్రం జాగు చేయొద్దు. నాకు 2017 జనవరిలో 0.09, ఏప్రిల్‌లో 0.4, నెలాగి మళ్లీ చేయిస్తే 0.6, జూలైలో 1.8. స్ట్రిప్పులు లెక్క సరిపోయాయి, కొత్త మందు ఏదీ లేదు. అప్పుడు ఏబీఎల్ కైనేజ్ డొమైన్ మ్యుటేషన్ పరీక్ష రాశారు. డాక్టరు రాయకుండా నేరుగా మందు మార్చబోతే, "మ్యుటేషన్ చూశాక మారుద్దామాండీ?" అని మీరే అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. రక్తం ఇచ్చేదాకా పాత మాత్ర ఆపకండి. మందు వేసుకుంటుండగానే ఆ మందుకు లొంగని కణాలు మిగతావాటిని మించి పైకి కనపడతాయి. ఆపేస్తే మామూలు కణాలు పెరిగి వాటిని కప్పేస్తాయి. పాత పద్ధతి సాంగర్ పరీక్షలో మారిన కణాలు నూటికి ఇరవై దాకా ఉంటేగాని కనిపించవు. ఎన్‌జీఎస్ అనే కొత్త పద్ధతిలో ఇంకా తక్కువున్నా దొరుకుతాయి. ఏది చేస్తున్నారో అడిగి రాసుకోండి.

రిపోర్టులో ఒక అక్షరం, ఒక సంఖ్య, ఇంకో అక్షరం ఉంటాయి. నాది వై253హెచ్. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. అందులో 253వ పూస టైరోసిన్ ఉండాల్సింది, హిస్టిడిన్ వచ్చి కూర్చుంది. మొదటి అక్షరం పోయిన పూస, చివరిది వచ్చిన పూస. ఇంత చిన్న మార్పుకే ఇమాటినిబ్ పట్టు తప్పింది. నిలోటినిబ్‌కు కూడా ఈ మార్పు గిట్టదు, దసాటినిబ్ పడుతుంది. అందుకే నాకు దసాటినిబ్ 100 మిల్లీగ్రాములు రాశారు. అదే ఎఫ్317ఎల్ వచ్చినవాళ్లకు లెక్క తిరగబడుతుంది. వాళ్లకు దసాటినిబ్ పనికిరాదు, నిలోటినిబ్ వైపు చూస్తారు. ఈ పరీక్ష లేకుండా, ఎవరికో పనిచేసిందని నాకు నిలోటినిబ్ ఇచ్చి ఉంటే ఆరు నెలలు చేతులారా పోగొట్టుకునేదాన్ని. ఆ ఆరు నెలల్లో జబ్బు ముదిరితే? అంకె వేగంగా ఎక్కుతుంటే ఎముక మజ్జ పరీక్ష కూడా ఎందుకు చేస్తారంటే ఇందుకే. జబ్బు ఇంకా క్రానిక్ దశలోనే ఉందా, తీవ్ర దశలోకి జారిందా అని చూస్తారు. విడవని జ్వరం, ఎడమ డొక్కలో బరువు, ఒంటిమీద కమిలిన మచ్చలు ఉంటే అపాయింటుమెంటు కోసం ఆగకుండా వెళ్లిపోండి.

మందు మారాక కొత్త జాగ్రత్తలు మొదలవుతాయి. 2019లో మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చేది. వయసు అనుకున్నాను. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. దసాటినిబ్ వేసుకునేవాళ్లలో ఇది వస్తుంటుంది. కొన్నాళ్లు ఆపి, నీరు తగ్గాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. ఆపింది డాక్టరు, నేను కాదు. ఇప్పుడు 0.01.

టీ315ఐ వస్తే

మా ఓపీలో నల్గొండ నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు, ఇరవై నాలుగేళ్లు. వాళ్లమ్మ రిపోర్టు చూపించి "దీనికి మందు లేదంటున్నారు నిజమేనా అక్కా?" అంది. టీ315ఐ. 315వ పూస త్రియోనిన్ పోయి లావుపాటి ఐసోల్యూసిన్ వస్తే, కాజాలో అడ్డంగా కుట్టు వేసినట్టే. ఇమాటినిబ్, దసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్, నాలుగూ పట్టవు. మందుకు లొంగని పేషెంట్లలో దీన్ని 2001లోనే కనిపెట్టారు. చాలా ఏళ్లు దీనికి మాత్ర లేకపోయిన మాట నిజం. ఇప్పుడు ఉంది. పొనాటినిబ్ ఆ అడ్డుకుట్టు పక్కనుంచి దూరగలదు. రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి గుండె, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ముందే చూసుకోవాలి, పొగతాగే అలవాటుంటే ఆ రోజే మానాలి. అసిమినిబ్ అని ఇంకొకటి 2021లో అమెరికాలో అనుమతి పొందింది. అది కాజా జోలికే పోదు. అదే ప్రొటీన్ మీద వేరే చోట హుక్కులా పట్టి నొక్కుతుంది. టీ315ఐకి దాన్ని ఎక్కువ డోసులో ఇస్తారు. మీ ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడ దొరుకుతుందో, కంపెనీ సాయం పథకం ఏదైనా ఉందో డాక్టరు గారినీ, అక్కడి సోషల్ వర్కరునూ అడగండి.

ఇలాంటి మ్యుటేషన్ వచ్చినవాళ్లూ, రెండు మూడు మందులు మారినా అంకె దిగనివాళ్లూ మాత్రతో పాటు ఇంకో పని కూడా మొదలుపెట్టాలి. తోబుట్టువులకు హెచ్ఎల్ఏ పరీక్ష, అంటే వాళ్ల మజ్జ మనకు కలుస్తుందో లేదో చూసే పరీక్ష, చేయించాలి. ఎముక మజ్జ మార్పిడి అవసరమవుతుందో లేదో తర్వాత సంగతి. కానీ కావాల్సి వచ్చిన రోజున దాతను వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఆ అబ్బాయికి పొనాటినిబ్ మొదలైంది. అక్క హెచ్ఎల్ఏ కలిసింది. వాళ్లమ్మకు నేను ఒక రూళ్ల పుస్తకం కొనిచ్చి, ఐదు వరసలూ గీసిచ్చాను. పోయిన నెల దాన్ని తెచ్చి చూపించింది. మొదటి పేజీలో ఆమె చేత్తోనే రాసి ఉంది. మూడు నెలలకు 4.2.